వానాకాలపు నిమ్మ మీద వేసిన నింద

ఆషాఢం మొదలు బతుకమ్మ దాకా సిద్దిపేటలో ఏ గడప ముందు నిలబడి నిమ్మకాయ షర్బత్ మాట ఎత్తినా ఒకటే జవాబు వస్తుంది. "వాన పడుతుంటే నిమ్మకాయ నీళ్లు ఎవరన్నా తాగుతరా? జలుబు చేస్తది." కొంచెం నిలదీస్తే రెండో మాట. "పిండి పెడితే ఎన్ని దినాలుంటది? రెండొద్దులకే చేదెక్కుతది." అప్పటికీ ఊరుకోకపోతే మూడోది. "గింత తిప్పలెందుకు, దుకాణంల సీసా దొరుకుతది గదా."

ఈ మూడు మాటలు చెప్పుకుంటూనే ఏటా మన పెరళ్లలో పండిన నిమ్మకాయలను నేలపాలు చేస్తున్నాం. చెట్టు కింద పచ్చగా రాలి, బురదలో మెత్తబడి, బూజు పట్టి, చివరికి తడి చెత్త బుట్టలో పడుతున్నాయి. ఆరేడు నెలలు గడిచి ఎండలు ముదిరితే అదే ఇంటివాళ్లు కూరగాయల బండి దగ్గర నిమ్మకాయల ధర విని వెనక్కి తగ్గుతారు. 2022 ఏప్రిల్ ఎవరూ మరిచిపోయి ఉండరు. కిలో రెండు వందల రూపాయలు దాటింది, ఒక్కో కాయ పది రూపాయలు పలికింది. ఆ కాయ కొన్నవాళ్లలో ఎంతోమంది అంతకుముందు వానాకాలంలో బుట్టల కొద్దీ పారబోసినవాళ్లే.

ఆ మూడు మాటలూ తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎక్కువ కీడు చేస్తున్నది మూడోది. అయితే అది మొదటి రెండింటి ఆసరాతో బతుకుతోంది కాబట్టి వరుసగానే చూడాలి.

అంతకన్నా ముందు, కాపు వానల్లోనే ఎందుకు మీద పడుతుందో తెలియాలి. నిమ్మచెట్టు ఏడాది పొడవునా ఎంతో కొంత పూస్తుంది. అందుకే ఎప్పుడు చూసినా నాలుగు కాయలు కనబడతాయి. కానీ మన దగ్గర పెద్ద పూత చలి తగ్గే వేళ, జనవరి ఫిబ్రవరిలో వస్తుంది. పూత కాయై కోతకు రావడానికి అయిదారు నెలలు పడుతుంది. జూన్, జూలైలలో మొదలైన కాపు భాద్రపదం దాకా తెరిపి ఇవ్వదు. వేసవిలో ధర ఉంటుందని తెలిసిన తోట రైతులు ఈ లెక్కను మార్చడానికి ఎంత కష్టపడతారో చూడాలి. జూన్‌లో జిబ్బరెల్లిక్ ఆమ్లం, సెప్టెంబరులో సైకోసెల్, అక్టోబరులో పొటాషియం నైట్రేట్ పిచికారీ చేయాలని శాస్త్రవేత్తలు చెబుతారు. మధ్యలో నీళ్లు ఆపి చెట్టును వాడబెట్టాలి. అప్పుడు చలికాలం మొదట్లో పూత వచ్చి వేసవికి కాయ అందుతుంది. సరిగ్గా నీళ్లు ఆపాల్సిన రోజుల్లో వాన కురిసిందా, ఆ కష్టమంతా పోయినట్టే. అందుకే నకిరేకల్ మార్కెట్లోనైనా, అటు నెల్లూరు వైపు గూడూరు మార్కెట్లోనైనా వేసవిలో సరుకు ఉండదు, వానల్లో ధర ఉండదు. కోత కూలి కూడా గిట్టక కాయను చెట్టుకే వదిలేసే రైతులున్నారు.

పెరటి చెట్టుకు ఈ మందులు ఎవరూ కొట్టరు. అది తన లెక్కన తాను కాస్తుంది. పైగా మన ఊళ్లో నిమ్మచెట్టున్న ఇళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. 2015లో మొదలైన హరితహారంలో ఇళ్లకు పంచిన పండ్ల మొక్కల్లో బతికి బట్టకట్టినవి నిండు కాపుకు వచ్చాయి. జామను కోతులు పిందె మీదే తెంపుతున్నాయి. ముల్లూ పులుపూ ఉన్న నిమ్మ జోలికి అవి అంతగా రావు. కోతుల మందలు వీధులను ఏలుతున్న ఈ కాలంలో పెరట్లో మనిషి చేతికి నమ్మకంగా అందే పండు నిమ్మ ఒక్కటే. దాన్ని కూడా వద్దనుకుంటున్నాం.

ఇక జలుబు మాట. జలుబుకు కారణం వైరస్‌లు. వాటిలో పెద్ద వాటా రైనోవైరస్‌లది. అవి మనిషి నుంచి మనిషికి చేతుల ద్వారా, తుమ్ముల ద్వారా అంటుతాయి. బళ్లు తెరిచి పిల్లలంతా ఒకచోట చేరే రోజులు, ముసురు పట్టి ఇంటిల్లిపాదీ కిటికీలు మూసుకుని ఒకే గదిలో కూర్చునే రోజులు వానాకాలంలోనే వస్తాయి. నిమ్మ కూడా ఆ రోజుల్లోనే కాస్తుంది. రెండూ ఒకే నెలల్లో వస్తున్నాయని ఒకదానికి ఇంకోదాన్ని కారణం చేశాం. మా వీధిలో ఏడాదంతా నిమ్మకాయ ముట్టని ఇళ్లున్నాయి. శ్రావణంలో ఆ ఇళ్లలో వినబడే దగ్గులు పక్కింటి దగ్గుల కన్నా తక్కువేమీ కాదు.

గొంతు పుండై ఉన్నప్పుడు పులుపు తగిలితే మండుతుంది. ఇది నిజం. మంటను చూసి జబ్బు పెరిగిందని అనుకోవడం మాత్రం పొరపాటు. వానలో తడిసొచ్చి ఐసు నీళ్లు తాగాలని కూడా నేను అనడం లేదు. నిమ్మరసం చల్లగానే తాగాలన్న రూలు ఎక్కడుంది? హైదరాబాద్ హోటళ్లలో సులేమానీ చాయ్ తాగనివాళ్లెవరు? పాలు లేని డికాషన్‌లో నిమ్మరసం పిండిన ఆ చాయ్‌ని వాన పడుతుంటే ఇంకో కప్పు అడిగి మరీ తాగుతాం. హోటల్లో కప్పులో పోసిచ్చిన నిమ్మకాయకు రాని జలుబు ఇంట్లో గ్లాసులో పోస్తే ఎట్లా వస్తుంది? అల్లం దంచి మరిగించిన నీళ్లు పొయ్యి మీద నుంచి దించి, కాస్త ఆరాక నిమ్మరసం, చిటికెడు ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసుకుంటే ముసురు రోజున అంతకు మించిన పానీయం నాకు తెలియదు.

ఇక్కడ ఎదుటి గట్టున నిలబడి నిమ్మను నెత్తికెత్తుకునేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. పొద్దున్నే నిమ్మకాయ నీళ్లు తాగితే జలుబు దగ్గరికి రాదని, ఒంట్లోని విషాలన్నీ కడిగేస్తుందని ఫోన్లలో తిరిగే మాటలు కూడా అబద్ధాలే. జలుబు, విటమిన్ సి మీద జరిగిన పరీక్షలన్నిటినీ ఒకచోట చేర్చి తూచిన కోక్రేన్ సమీక్ష 2013లో వచ్చింది. విటమిన్ సి రోజూ వేసుకున్నా మామూలు జనానికి జలుబు రావడం తగ్గలేదని అది తేల్చింది. వచ్చిన జలుబు ఉండే కాలం పెద్దవాళ్లలో 8 శాతం, పిల్లల్లో 14 శాతం తగ్గింది, అంతే. అది కూడా మాత్రల మోతాదుతో. విటమిన్ సి కోసమే అయితే పెరటి జామలో నిమ్మకన్నా ఎన్నో రెట్లు ఉంది. కడుపులో మంట ఉన్నవాళ్లు నిమ్మను తగ్గించుకోవాలి. అందరూ తాగిన తర్వాత నోరు పుక్కిలించాలి, ఎందుకంటే ఆ పులుపు పళ్ల మీది పింగాణీని తింటుంది. నిమ్మ మందని నేను అనను. విషమని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. అది దాహానికి పనికొచ్చే మంచి పండు, పెరట్లో ఉచితంగా దొరుకుతుంది. నా వాదనకు ఇంత చాలు.

రెండో మాట నిలవ గురించి. ఇది చెప్పేవాళ్లలో చాలామంది ఒకసారి చేసి చూసి చెడగొట్టుకున్నవాళ్లు. వాళ్ల అనుభవం అబద్ధం కాదు. చెడిందంటే పద్ధతిలో ఎక్కడో తేడా వచ్చిందని అర్థం. నిమ్మరసాన్ని ఎన్ని నెలలైనా దాచగల పద్ధతులు ప్రపంచానికి నూటయాభై ఏళ్లుగా తెలుసు. స్కాట్లాండులోని లీత్ రేవులో లాక్లన్ రోజ్ అనే వ్యాపారి నిమ్మరసాన్ని సారాయి కలపకుండా చక్కెరతో నిలవ చేసే పద్ధతికి 1867లో పేటెంటు తీసుకున్నాడు. ఓడల మీద నావికులకు నిమ్మరసం ఇవ్వాలని బ్రిటిష్ చట్టం వచ్చింది కూడా అదే ఏడాది. అప్పుడు ఫ్రిజ్‌లు లేవు. సముద్రం మీద నెలల తరబడి ఉప్పుగాలిలో నిలిచిన రసం మన వంటింట్లో రెండొద్దులు నిలవదంటే ఎట్లా నమ్మేది?

అయితే ఆ చరిత్రలోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని దాచను. 1875లో ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన బ్రిటిష్ యాత్ర నిలవ నిమ్మరసాన్ని వెంట తీసుకెళ్లి కూడా విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు బారిన పడింది. పెద్ద నిమ్మకాయల రసం పోయి మన నిమ్మ జాతి చిన్నకాయల రసం ఓడలెక్కిన కాలమది. అందులో విటమిన్ అసలే తక్కువ, నిలవలో ఉన్నదీ పోయింది. కాబట్టి నిలవ షర్బత్‌లో విటమిన్ వెతుక్కోవద్దు. అందులో నిలిచేది పులుపు, రుచి, కొంత వాసన.

చేదు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. నిమ్మగింజలోనూ, తొక్క లోపలి తెల్లటి భాగంలోనూ లిమోనిన్‌గా మారే పదార్థం ఉంటుంది. పిండిన వెంటనే చేదు తెలియదు. పులుపు తగిలి కొన్ని గంటలయ్యాక మెల్లగా బయటపడుతుంది. అందుకే పొద్దున బాగున్న రసం సాయంత్రానికి చేదెక్కుతుంది. ఎవరి మీదో కోపం వచ్చినట్టు తొక్కను పిప్పి చేసి పిండేవాళ్లకు చేదే మిగులుతుంది. కాయ పండి తొక్క పలచబడి నున్నగా మెరవాలి. అరచేతి కింద ఒకసారి దొర్లించి, అడ్డంగా కోసి, ముందు గింజలు తీసేసి, తేలికగా వచ్చినంత రసమే పిండాలి. చివరి నాలుగు చుక్కల మీద ఆశ వదులుకోవాలి. వెంటనే గుడ్డలో వడకట్టాలి. గింజ రసంలో తేలుతూ గంట ఉన్నా చేదుకు తోవ ఇచ్చినట్టే.

పాత్ర సంగతి మన అమ్మమ్మలకు బాగా తెలుసు. పులుపును ఇత్తడిలో, రాగిలో, సత్తుగిన్నెలో ఉంచకూడదు. గాజు, పింగాణీ జాడీ, మంచి స్టీలు వాడాలి. యాభై కాయలకు దాదాపు లీటరు రసం వస్తుంది. దానికి రెండు కిలోల చక్కెర, లీటరు నీళ్లు. చక్కెరను నీళ్లలో వేసి కరిగేదాకా మరిగించి, దించి, పూర్తిగా చల్లారిన తర్వాతే రసం కలపాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రసాన్ని కూడా పొయ్యి మీద పెట్టి మరిగిస్తారు. అప్పుడు వాసన ఆవిరైపోతుంది, రుచి ఉడికిన మందులా తయారవుతుంది. నిమ్మ వాసనంతా తొక్క పైపొరలోని నూనెలో ఉంటుంది. నాలుగైదు కాయల ఆకుపచ్చ పైపొరను మాత్రం సన్నగా తురిమి, ముందు రాత్రే ఆ చక్కెరలో కలిపి మూత పెట్టి ఉంచితే చక్కెర ఆ నూనెను పీల్చుకుంటుంది. ఈ ఒక్క పని చేసి చూసినవాళ్లు మళ్లీ దుకాణం షర్బత్ రుచి గురించి మాట్లాడరు.

ఈ కొలతకు మూడు లీటర్లకు పైగా షర్బత్ వస్తుంది. అందులో నిమ్మరసం దాదాపు 30 శాతం. స్క్వాష్ అని పేరు పెట్టి అమ్మడానికి మన ఆహార చట్టం అడిగేది కనీసం 25 శాతం పండ్ల రసమే. వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టిన గాజు సీసాల్లో నింపి ఫ్రిజ్‌లో పెడితే, తడి చెంచా తగలనివ్వకపోతే, రెండు మూడు నెలలు ఢోకా ఉండదు. బయట పెడితే ఈస్టు పట్టి పులుస్తుంది, మూత తీస్తే బుస్సుమంటుంది. కంపెనీలు దీన్ని ఆపడానికి పొటాషియం మెటాబైసల్ఫైట్ వేస్తాయి. ఉబ్బసం ఉన్న కొందరికి అది పడదు. ఫ్రిజ్ ఉన్న ఇంటికి దాని అవసరమే లేదు.

అసలు చక్కెరే వద్దనుకుంటే ఇంకా సులువు. వడకట్టిన రసాన్ని ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించి, గడ్డలను డబ్బాలోకి మార్చి ఫ్రీజర్‌లో పడేయాలి. వాసన కొంత తగ్గుతుంది కానీ వేసవి దాకా పులుపు అట్లాగే ఉంటుంది. పప్పులోకి, పులిహోరలోకి, షర్బత్‌లోకి ఒక్కో గడ్డ తీసుకుంటే చాలు.

ఫ్రిజ్ లేని ఇంటి మాటేమిటని అడగవచ్చు. అడగాల్సిందే. దానికి జవాబు ఉప్పు. ఉప్పులో ఊరిన నిమ్మకాయ మన జాడీల్లో ఏళ్ల తరబడి ఉంటుంది. దాన్ని అన్నంలోకే కలుపుకుంటాం, తాగాలన్న ఆలోచన రాదు. వియత్నాంలో ఇదే పద్ధతిలో ఊరబెట్టిన కాయను గ్లాసులో చిదిమి నీళ్లో సోడానో పోసి దాహానికి తాగుతారు. కారం, మెంతిపొడి కలపకముందే నాలుగు కాయలు పక్కకు తీసి పెట్టుకుంటే మన జాడీ కూడా ఆ పనికి వస్తుంది. మజ్జిగలో చిన్న ముక్క చిదిమి చూడండి.

ఎండబెట్టే పద్ధతి మన ఊళ్లోనే చాలామందికి తెలుసు, కాకపోతే దుబాయిలో నేర్చుకుని వచ్చారు. సిద్దిపేట, సిరిసిల్ల, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లను అడిగితే నల్ల నిమ్మకాయ గురించి చెబుతారు. అక్కడ దాన్ని లూమీ అంటారు, ఇరాకులో నూమీ బస్రా అంటారు. ఉప్పు నీళ్లలో కాయలను కొద్దిసేపు ఉడకబెట్టి, లోపల నల్లబడి డొల్లలా తేలికయ్యే దాకా ఎండలో వదిలేస్తారు. తర్వాత పగలగొట్టి మరిగించి చాయ్‌లా తాగుతారు. మన దగ్గర శ్రావణంలో ఇది కుదరదు, ముసురుకు బూజు పడుతుంది. దసరా తర్వాత వచ్చే ఎండలకు, చివరి కాపు కాయలతో చేసుకోవాలి. ఎడారి దేశాలవాళ్లు డబ్బు పెట్టి కాయలు కొని, ఎండబెట్టి, ఏడాదంతా తాగుతున్నారు. ఆ దేశాల్లో పదేళ్లు చెమటోడ్చి వచ్చిన మనిషి సొంత పెరట్లో కాయలు కుళ్లుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు మూడో మాట. దుకాణంలో సీసా దొరుకుతుంది కదా అన్నది చూడ్డానికి సౌకర్యం గురించిన మాట. లోపల ఉన్నది మర్యాద. చుట్టం వస్తే పిల్లవాడిని కిరాణం కొట్టుకు పరిగెత్తించి సీసా తెప్పించకపోతే పరువు తక్కువ. పెరటి నిమ్మకాయ పిండి ఇస్తే "వీళ్ల దగ్గర పైసల్లేవేమో" అనుకుంటారని భయం. ఫంక్షన్ హాల్లో ఒక్కో మనిషికి ఒక్కో చిన్న ప్లాస్టిక్ సీసా పెట్టడం గొప్పయింది. ఆ సీసాల్లో ఏముందో ఎవరూ చదవరు. నిమ్మ బొమ్మ వేసుకుని నిమ్మ రుచి పేరుతో అమ్ముడయ్యే ఎన్నో గ్యాసు పానీయాల లేబుల్ మీద అందులో పండ్ల రసం లేదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చెట్టు నిండా నిమ్మకాయలున్న ఇంట్లో నిమ్మ లేని నిమ్మ పానీయాన్ని డబ్బిచ్చి కొని చుట్టానికి పోస్తున్నాం.

కంపెనీ సరుకంటే భద్రమని నమ్మేవాళ్లు మన హైదరాబాద్‌లోనే జరిగిన పోరాటాన్ని గుర్తు చేసుకోవాలి. విరేచనాలతో నీరసపడ్డ పిల్లలకు తల్లిదండ్రులు ఓఆర్‌ఎస్ అన్న పేరు చూసి చక్కెర ఎక్కువున్న పెట్టె పానీయాలు పట్టిస్తుంటే పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి గొంతు చించుకున్నారు, హైకోర్టు మెట్లెక్కారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అన్నేళ్లూ అవి దుకాణాల్లో, మందుల షాపుల్లో దర్జాగా అమ్ముడయ్యాయి. సీల్ ఉన్నంత మాత్రాన లోపలున్నది మన మేలు కోరినది కాదని ఇంతకంటే దగ్గరి రుజువు ఏం కావాలి? ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి. ఇంటి నిమ్మ షర్బత్ కూడా ఓఆర్‌ఎస్ కాదు. పిల్లలకు విరేచనాలైతే ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే పొట్లమే కలిపి తాగించాలి.

ఇంటి నీళ్ల మీద నమ్మకం లేదనే మాట సిద్దిపేటవాళ్ల నోట రావడం ఇంకా విచిత్రం. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న మొదలైంది మన జిల్లాలోని గజ్వేల్ దగ్గర కోమటిబండలోనే. అంతకు చాలా ముందే దిగువ మానేరు నుంచి నీళ్లు తెచ్చిన సిద్దిపేట తాగునీటి పథకమే దానికి నమూనా అని గర్వంగా చెప్పుకుంటాం. అయినా అనుమానముంటే కాచి చల్లార్చుకుంటే సరిపోతుంది. నిమ్మ పులుపు ఆ నీటికి హాని చేయదు, పైగా క్రిములకు గిట్టదు. 1994లో పశ్చిమ ఆఫ్రికాలోని బిసావు నగరంలో కలరా చెలరేగినప్పుడు చేసిన అధ్యయనంలో భోజనంలో నిమ్మరసం వాడినవాళ్లకు కలరా తక్కువగా సోకినట్టు తేలింది. పిండితే మురికినీరు శుభ్రమవుతుందని దీని అర్థం కాదు. ఇంట్లో చేసింది ప్రమాదం, సీసాలోది భద్రం అనే గీత అంత తేలికగా గీయలేమని మాత్రం తేలుతుంది.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడంలో మన పట్టణానికి పేరుంది. ఫంక్షన్లకు ప్లాస్టిక్ గ్లాసులు వద్దని స్టీల్ బ్యాంకులు పెట్టి స్టీలు పళ్లేలు, గ్లాసులు ఇస్తున్న ఊరు ఇది. ఆ గ్లాసులు తెచ్చుకుని, పక్కనే ప్లాస్టిక్ సీసాలు బారుగా పేర్చే దావత్‌లు చూస్తున్నాం. ఆ స్టీలు గ్లాసులో పోయాల్సింది మన పెరట్లోనే ఉంది. కాయలు వృథా కావు, బుస్సాపూర్‌లో తడి చెత్తతో గ్యాసు చేస్తున్నారు కదా అని ఒకరు నాతో వాదించారు. నిమ్మజాతి తొక్కలోని నూనె గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులకు పడదు. అక్కడికి పంపాల్సింది అరటి తొక్కలు, మిగిలిన అన్నం. మంచి నిమ్మకాయలు కావు.

చక్కెర గురించి అడిగేవాళ్లకు మాత్రం నేను తలవంచి జవాబు చెబుతాను, ఎందుకంటే అది నిజమైన ప్రశ్న. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క తేల్చింది. నేను చెప్పిన షర్బత్ 30 మిల్లీలీటర్లు గ్లాసు నీళ్లలో కలిపితే 18 గ్రాముల దాకా చక్కెర పడుతుంది. పావు లీటరు గ్యాసు పానీయంలో సాధారణంగా 25 గ్రాములు ఉంటుంది. తేడా ఉంది కానీ చెప్పుకోదగ్గ గొప్ప కాదు. అసలు తేడా చేతిలో ఉన్న అధికారానిది. సీసాలోని తీపిని తగ్గించడం మన వల్ల కాదు. ఇంట్లో అయితే ఐసు గడ్డ, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి చాలు, చక్కెర చెంచా ముట్టనక్కర లేదు. షుగర్ ఉన్న తండ్రికి ఉప్పుది, ఆడి వచ్చిన మనవడికి తీపిది ఒకే రసంతో చేయవచ్చు. ఈ వెసులుబాటు ఏ కంపెనీ ఇస్తుంది?

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన అభ్యంతరం ఒక ఇల్లాలు చెప్పింది. "గివన్నీ చెప్పుడు అల్కగనే ఉంటది అన్నా. యాభై కాయలు కోసుడు, పిండుడు, సీసాలు కడుగుడు ఎవరు చెయ్యాలె? మేమే గదా." ఆమె మాటను నేను కొట్టిపారేయను. ఇంటి వంటను పొగిడే మగవాళ్లు, ఆ వంట ఎవరి నడుములు విరగ్గొట్టిందో పట్టించుకోలేదు. కాబట్టి సీసా కొనుక్కోవడంలో ఆమెకు దొరికిన విశ్రాంతిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా మాట ఇంట్లో మగవాళ్లతో. ముళ్లచెట్టు నుంచి కాయలు కోయడం, నిమ్మచెక్కలు పిండి రసం తీయడం, సీసాలు మరిగించడం, వీటికి ప్రత్యేకమైన నేర్పు ఏదీ అవసరం లేదు. ఆదివారం పూట ఇద్దరు కూర్చుంటే యాభై కాయల పని క్రికెట్ మ్యాచ్‌లో సగం కూడా కాకముందే అయిపోతుంది. గింజలు ఏరే పని పిల్లలు ఇష్టంగా చేస్తారు. ఈ పని మళ్లీ ఆడవాళ్ల నెత్తినే పడేట్టయితే నా వ్యాసాన్ని చింపేయమని చెబుతాను.

ఇంటింటికీ వదిలేయనక్కర కూడా లేదు. మన జిల్లా ములుగులోనే కొండా లక్ష్మణ్ పేరు పెట్టుకున్న రాష్ట్ర ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. తోట రైతుకు పిచికారీ పట్టిక చెప్పడంతో పాటు పెరటి చెట్టున్న మనిషికి రసం దాచే పద్ధతి చెప్పడం కూడా దాని పనే కావాలి. ఆషాఢంలో ఒక్కో వార్డులో ఒక్క పూట వచ్చి చేసి చూపిస్తే చాలు. మహిళా సంఘాలు, స్టీల్ బ్యాంకులు, వార్డు కమిటీలు అన్నీ ఉన్నాయి. కొత్తగా పుట్టించాల్సిన వ్యవస్థ ఏదీ లేదు.

ఎండాకాలం బస్టాండు దగ్గరా చౌరస్తాల్లోనూ చలివేంద్రాలు పెడతాం. దయగల పని. అక్కడ ఇచ్చేది కుండ నీళ్లే, ఎవరైనా దాత దొరికిన రోజు మజ్జిగ. వానాకాలపు నిమ్మ అక్కడికి చేరాలని నా కోరిక. ఎవరింట్లోనో పిండిన రసాన్ని జనం నమ్మి తాగరని అంటారు. ఉగాది రోజు కొత్త కుండలో కలిపిన పచ్చడిని గ్లాసుల్లో పోసి వాడంతా పంచుకుని తాగే ఊరు మనది. పీర్ల పండుగకు అలావా దగ్గర పోసే బెల్లం షర్బత్‌ను ఏ మతం వాళ్లదని అడగకుండా దోసిలి పట్టి తాగుతాం. ఈ నమ్మకం ఇంకా చావలేదు. ఒక్క వార్డులో యాభై ఇళ్లవాళ్లు ఈ శ్రావణంలో తలా ఇరవై అయిదు కాయల రసం, అంటే అర లీటరు చొప్పున గడ్డ కట్టించి దాచితే ఇరవై అయిదు లీటర్లవుతుంది. గ్లాసుకు పది మిల్లీలీటర్లు వేసుకున్నా ఏప్రిల్ ఎండల్లో, కాయ పది రూపాయలు పలికే రోజుల్లో, ఆ వార్డు చలివేంద్రంలో 2,500 మందికి ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు ఉచితంగా ఇవ్వవచ్చు.